అప్‌డేట్: గట్టు కేసు – హైకోర్టుకే పోతున్నం

పోయిన నెల అడిగిన గదా, మా పొలం గట్టు కేసు మొదలు గెలిచి అప్పీలుల ఓడినం, హైకోర్టు సాక్షులను మళ్ల పిలుస్తదా అని. పిలవదు. సెకండ్ అప్పీలుల, అంటే మొదటి అప్పీలు తీర్పు మీద హైకోర్టుల ఏసేదాంట్ల, సివిల్ ప్రొసీజర్ కోడ్ సెక్షన్ 100 కింద, గట్టి న్యాయ ప్రశ్న (చట్టం సంగతి మీద ప్రశ్న) ఉంటెనే తీసుకుంటరు. గట్టు ఎవలు జరిపిన్రన్నది మళ్ల తవ్వరు. ఈ మాట చెప్తే బాపు చాలసేపు మాట్లాడలే.

హన్మకొండల మా వకీల్‌సాబ్ తీర్పు కాపీ తిప్పి, ముద్రలల ఉన్న, కాపీకి అర్జీ పెట్టిన తేదీ, కాపీ తయారైన తేదీ ఎర్రపెన్నుతోని చుట్టిండు. హైకోర్టుల అప్పీలు ఏసే గడువు 90 రోజులు, కాపీకి పట్టిన రోజులు అండ్ల లెక్కకు రావు. మా రిజిస్ట్రీ కాయితం తీర్పుల ఒక్కకాడ సుత లేదు, మా న్యాయ ప్రశ్న అదే.

సోమవారం కాజీపేటల బండెక్కుతున్నం. దారి చూపినోళ్లందరికి దండాలు.