హాస్టల్‌కెళ్లాక పాప జడ సగమైంది, ఏం చేయాలి?

సింగరాయకొండ అమ్మ:
అందరికీ నమస్కారం. మా పాప ఇంటర్ మొదటి సంవత్సరం, నెల్లూరులో హాస్టల్లో ఉంటుంది. జూన్‌లో చేర్చినప్పుడు జడ నడుము దాటి ఉండేది. సంక్రాంతికి ఇంటికొస్తే నూనె పెడదామని జడ విప్పాను. పైన బాగానే ఉంది గానీ వీపు మధ్య నుంచి కిందికి ఎలుక తోకలా సన్నబడిపోయింది. దువ్వితే దువ్వెన నిండా వెంట్రుకలే. అక్కడ బోరు నీళ్లు, ఉప్పగా ఉంటాయంట. నీళ్ల వల్లేనా? ఏ నూనె రాయమంటారు? ఒకరు ఉల్లిరసం అంటారు, ఒకరు ఆముదం అంటారు. ఆన్‌లైన్‌లో చూస్తే సీసాల ధరలకే కళ్లు తిరుగుతున్నాయి. పాపకి పరీక్షల టెన్షన్ కంటే జుట్టు టెన్షన్ ఎక్కువైంది. తెలిసినవాళ్లు చెప్పండి.

కందుకూరు కుర్రాడు:
వచ్చే శనివారం మాలకొండ తీసుకెళ్లి తలనీలాలు ఇప్పించండి అక్కా. మళ్లీ ఒత్తుగా వస్తుంది. మా చెల్లికి అట్లనే వచ్చింది.

ఒంగోలు పిన్ని:
మొక్కు ఉంటే ఇప్పించండి, స్వామికిచ్చేదానికి ఎవరూ అడ్డం చెప్పరు. ఒత్తు కోసమైతే మాత్రం వద్దు. వెంట్రుక కుదురు చర్మం లోపల ఉంటుంది, కత్తి దాని జోలికే పోదు. గుండు తర్వాత వచ్చే వెంట్రుక కొస మొద్దుగా ఉంటుంది కాబట్టి చేత్తో తడిమితే గరుగ్గా, ఒత్తుగా తగులుతుంది. అంతే తేడా. ఇంతకీ మీ చెల్లి వయసెంత నాయనా?

కందుకూరు కుర్రాడు:
మూడేళ్లు పిన్నీ.

ఒంగోలు పిన్ని:
సరిపోయింది. ఆ వయసులో గుండు చేయించకపోయినా జుట్టు ఒత్తవుతుంది.

సింగరాయకొండ అమ్మగారూ, నేను పార్లర్ నడుపుతాను. మీలాగే వచ్చి ముందు నూనె పేరు అడిగేవాళ్లే అందరూ. నూనె సంగతి తర్వాత చూద్దాం. దువ్వెనలో వచ్చిన వెంట్రుకలు పారేయకుండా ఒక తెల్లకాగితం మీద విడివిడిగా పరవండి. కిటికీ దగ్గర వెలుతురులో ఒక్కోటి చూడండి. కొన్నిటికి ఒక చివర సూదిమొనంత తెల్లటి బుడిపె ఉంటుంది. అవి కుదురు నుంచి రాలినవి. కొన్నిటికి రెండు వైపులా బుడిపె ఉండదు, పొట్టిగా ఉంటాయి. అవి మధ్యలో తెగినవి. రాలడం ఒంట్లోంచి వచ్చే సమస్య, తెగడం చేతుల వల్ల, నీళ్ల వల్ల, జడ వల్ల వచ్చేది. ఒకదాని మందు ఇంకోదానికి పనిచేయదు. రోజుకి 50 నుంచి 100 దాకా రాలడం ఎవరికైనా మామూలే, వాటిని చూసి భయపడొద్దు. చూసి రాయండి, ఆ తర్వాత మాట్లాడుకుందాం.

సింగరాయకొండ అమ్మ:
చూశాను పిన్నీ. రెండు రకాలూ ఉన్నాయి. బుడిపె ఉన్నవి బోలెడు, పొట్టి ముక్కలు కూడా తక్కువేం లేవు. కొన్ని కొసలు రెండుగా చీలి ఉన్నాయి.

స్కిన్ క్లినిక్ చెల్లి:
అక్కా, నేను నెల్లూరులో చర్మం డాక్టరు గారి దగ్గర పనిచేస్తాను. ఒక్క ప్రశ్న. రెండు మూడు నెలల కిందట పాపకి పెద్ద జ్వరమేమైనా వచ్చిందా?

సింగరాయకొండ అమ్మ:
వచ్చిందమ్మా. కార్తీకమాసంలో డెంగీ. ప్లేట్‌లెట్లు పడిపోతే ఆసుపత్రిలో పెట్టాం. దానికీ దీనికీ సంబంధం ఉందా?

స్కిన్ క్లినిక్ చెల్లి:
చానా ఉంది. గట్టి జ్వరం, కాన్పు, ఆపరేషన్, తిండి మానేసి ఒళ్లు తగ్గడం, వీటిలో ఏది జరిగినా పెరిగే దశలో ఉన్న వెంట్రుకల్లో చాలా భాగం ఒకేసారి విశ్రాంతి దశకి వెళ్లిపోతాయి. ఆ దశ సుమారు మూడు నెలలు. అందుకే జ్వరం వచ్చినప్పుడు రాలవు, అందరూ జ్వరం సంగతి మర్చిపోయాక రాలతాయి. మా దగ్గరికి వర్షాల జ్వరాలు తగ్గాక, సంక్రాంతి నుంచి శివరాత్రి దాకా, ఇలాంటి వాళ్లు వస్తూనే ఉంటారు. కుదురు చచ్చిపోదు కాబట్టి మామూలుగా ఆరు నెలల్లోపు రాలడం దానంతటదే తగ్గి కొత్త వెంట్రుక వస్తుంది. పాప నుదుటి దగ్గర నిక్కబొడుచుకుని పొట్టి వెంట్రుకలు కనపడితే అవి కొత్తవే.

ఇంట్లో ఒక పరీక్ష చేయొచ్చు. తల రుద్దుకున్న మర్నాడు ఓ 50, 60 వెంట్రుకల పాయ పట్టుకుని మాడు నుంచి కొస దాకా వేళ్లు నెమ్మదిగా లాగండి. ఆరుకి మించి చేతిలోకి వస్తే రాలడం ఇంకా నడుస్తోందని అర్థం.

ఒకసారి రక్తపరీక్ష చేయించండి. హిమోగ్లోబిన్, ఫెర్రిటిన్, థైరాయిడ్ చాలు. ఆడపిల్లలకి హిమోగ్లోబిన్ 12 కంటే తక్కువుంటే రక్తహీనత కిందే లెక్క. ఫెర్రిటిన్ అంటే ఒంట్లో ఇనుము నిల్వ. హిమోగ్లోబిన్ బాగానే ఉండి ఇది అడుగంటిన పిల్లల్ని చూస్తుంటాం, ముఖ్యంగా నెలసరి ఎక్కువగా అయ్యేవాళ్లని. జుట్టు కోసమని బయోటిన్ అనే విటమిన్ మాత్రలు ఎవరైనా ఇచ్చి ఉంటే ఆ సంగతి పరీక్షకి ముందే డాక్టరుతో చెప్పండి, అవి థైరాయిడ్ రిపోర్టుని తారుమారు చేస్తాయి. బయోటిన్ లోపం అసలు చాలా అరుదు.

కావలి కెమిస్ట్రీ మాస్టారు:
అమ్మా, నీళ్ల గురించి అడిగారు కదా. పాప తలకి ఏం వాడుతుంది?

సింగరాయకొండ అమ్మ:
షాంపూలో కెమికల్స్ ఉంటాయని నేనే వద్దన్నాను మాస్టారూ. సీకాయ సబ్బు కొనిచ్చి పంపిస్తున్నా.

కావలి కెమిస్ట్రీ మాస్టారు:
నేను అనుకున్నది అదే. సీకాయ సబ్బు పేరుకి సీకాయ, పనికి సబ్బు. బోరు నీళ్లలో కాల్షియం, మెగ్నీషియం ఎక్కువుంటే సబ్బు వాటితో కలిసి కరగని తెట్టె అవుతుంది. బకెట్ అంచున తెల్లగా జిడ్డుగా పేరుకునేది అదే. తలలోనూ అదే పేరుకుంటుంది. పాపని అడగండి, తల ఆరాక జుట్టు బంకగా ఉంటుందా, దువ్వెన పళ్ల మధ్య తెల్లటి పిండిలా వస్తుందా అని. వస్తే అనుమానమే లేదు. అలాంటి వెంట్రుక గరుకెక్కి ఒకదానికొకటి చిక్కుకుంటుంది, దువ్వేటప్పుడు తెగుతుంది. నీళ్లు కుదురుని పాడుచేసి రాలగొడతాయనే మాట మాత్రం నేను ఒప్పుకోను.

షాంపూలో ఉండేది సబ్బు కాదు, డిటర్జెంట్ జాతి. ఉప్పునీళ్లలో కూడా తెట్టె కట్టదు. సీసా వెనక చిన్నక్షరాల్లో డైసోడియం ఈడీటీఏ అని ఉంటే ఇంకా మేలు, అది కాల్షియంని పట్టి ఉంచుతుంది. కెమికల్ అన్నందుకే భయపడాల్సిన పని లేదు. సబ్బూ కెమికలే, కాచిన నీళ్లూ కెమికలే.

నీళ్లు కాచి వాడితే కొంత మేలు. హీటర్ కాయిల్ మీద తెల్లటి పెచ్చు కడుతుందే, ఆ మేరకు నీళ్ల కాఠిన్యం, అంటే ఆ కాల్షియం, మెగ్నీషియం, తగ్గినట్టు. క్లోరైడ్లు, సల్ఫేట్ల రూపంలో ఉన్నది ఎంత కాచినా పోదు. తేలికైన ఉపాయం ఒకటుంది. హాస్టల్లో తాగడానికి ఆర్వో నీళ్లు ఉంటాయి కదా, తల మామూలు నీళ్లతోనే రుద్దుకుని ఆఖర్న రెండు మగ్గులు ఆర్వో నీళ్లు పోసుకోమనండి. ఇప్పటికే పట్టిన తెట్టె వదలడానికి ఒకటి రెండుసార్లు మగ్గు నీళ్లలో ఒక చెంచా నిమ్మరసం కలిపి పోసుకుని కడిగేసుకోవచ్చు. నిమ్మచెక్క తెచ్చి మాడు మీద రుద్దడం మాత్రం వద్దు, మండుతుంది.

ఉలవపాడు అవ్వ:
మా రోజుల్లో ఇవన్నీ ఎక్కడివి. కుంకుడుకాయ కొట్టుకుని పోసుకునేవాళ్లం. నాకు ఇప్పటికీ ముడి వేసుకునేంత జుట్టుంది. ఆముదం వదలకూడదు.

కావలి కెమిస్ట్రీ మాస్టారు:
కుంకుడుకాయ మంచిదే అవ్వా. దాని నురగ సబ్బులా తెట్టె కట్టదు. హాస్టల్లో కొట్టి, నానబెట్టి, వడకట్టే తీరికెక్కడిది అన్నదే ప్రశ్న.

ఒంగోలు పిన్ని:
ఇంటికొచ్చినప్పుడు కుంకుడు రసమే పోయండి, కాదనను. గింజ తీసేసి, తొక్కలు రాత్రే వేణ్నీళ్లలో నానేసి, పొద్దున పిసికి బట్టలో వడకట్టాలి. పిప్పి తలలో పడిందంటే దాన్ని ఏరేటప్పుడే సగం జుట్టు తెగుతుంది. ఆఖర్న మందారాకు నీళ్లలో నలిపి ఆ జిగురు పట్టిస్తే చిక్కు జారుతుంది. కండిషనర్ చేసే పని అదే.

అవ్వ చెప్పిన ఆముదం ఉత్తది వద్దు, మరీ చిక్కన. చిక్కు పడితే విడదీయలేం. కొబ్బరినూనె చాలు. అది వెంట్రుక లోపలికి కొంత ఇంకుతుంది కాబట్టి తడిసినప్పుడు వెంట్రుక ఉబ్బకుండా కాపాడుతుంది. తల రుద్దుకోవడానికి గంట, రెండు గంటల ముందు అరచేతిలో పట్టేంత తీసుకుని ఎక్కువ భాగం కొసలకే రాయాలి. మనవాళ్లు మాడు మీద గిన్నెడు పోసి కొసలు ఎండగడతారు. మాడులో సొంత నూనె ఉంది, కొసల్లో లేదు. చుండ్రు ఉంటే మాడుకి నూనె బంద్. చుండ్రు తెచ్చే ఫంగస్‌కి నూనె మేతే. ఉల్లిరసం జోలికి పోవద్దు, మాడు మండి దద్దుర్లొచ్చి నా దగ్గరికి వచ్చినవాళ్లున్నారు.

ఇప్పుడు అసలు సంగతి. జుట్టు నెలకి సుమారు అరంగుళం పెరుగుతుంది, ఏ నూనె రాసినా అంతే. నడుము దాకా రావాలంటే ఐదేళ్లు పడుతుంది. అంటే పాప జడ కొసనున్న వెంట్రుక తను ఆరో తరగతిలో ఉన్నప్పుడు మొలిచింది. అప్పటి నుంచి ఎన్ని దువ్వెనలు, ఎన్ని రబ్బరుబ్యాండ్లు దాటొచ్చిందో చూడండి. పొడుగు జుట్టున్నవాళ్లకి వేగంగా పెరుగుతుందని కాదు, తక్కువ తెగుతుంది. హాస్టల్లో పాప తల ఎప్పుడు రుద్దుకుంటుంది, జడ ఎలా వేసుకుంటుంది?

సింగరాయకొండ అమ్మ:
పొద్దున ఐదింటికి లేచి పోసుకుంటుంది పిన్నీ. ఆరింటికి స్టడీ. తడిజుట్టు మీదే గట్టిగా రెండు జడలు, మడిచి రిబ్బన్లు. వదులుగా ఉంటే ఒప్పుకోరంట. జుట్టు ఊడిపోతోందని ఈ మధ్య రోజూ పోసుకుంటోంది.

ఒంగోలు పిన్ని:
ఇదిగో, మీ పొట్టి ముక్కలు ఇక్కడ దొరికాయి. తడి వెంట్రుక రబ్బరులా సాగుతుంది, ఇంకొంచెం లాగితే పుటుక్కున తెగుతుంది. తడి మీద బిగించి అల్లితే ఆరేకొద్దీ ఇంకా బిగుసుకుంటుంది. సాయంత్రం దాకా లోపల తడి ఆరదు, వాసన, దురద. రిబ్బను మడిచి కట్టేచోట మడతలో రోజూ ఒకే దగ్గర రాపిడి. జడ ఎక్కడ సన్నబడిందో మడత అక్కడే ఉంటుంది, కావాలంటే చూసుకోండి. చెవుల పైన, నుదుటి అంచున జుట్టు వెనక్కిపోతుంటే అది బిగుతు జడ పని. ఏళ్ల తరబడి అలాగే లాగితే అక్కడ మళ్లీ రాదు, దీన్ని తేలిగ్గా తీసుకోవద్దు.

రోజూ పోసుకోవడం మానిపించండి. ఆదివారం మధ్యాహ్నం ఒకసారి, చెమట ఎక్కువైతే బుధవారం సాయంత్రం ఇంకోసారి. తువ్వాలుతో కొట్టి దులపడం వద్దు, పాత నూలు పంచెతో అద్ది వదిలేయాలి. వెడల్పు పళ్ల దువ్వెన తీసుకుని ముందు కొస జానెడు, తర్వాత దానిపైన జానెడు, ఆఖర్న మాడు నుంచి. చిక్కు తగిలినచోట దాని పైభాగం ఎడమచేత్తో గట్టిగా పట్టుకుని దువ్వితే లాగుడు కుదురు దాకా పోదు. రాత్రి పడుకునేటప్పుడు వదులుగా ఒక జడ. రబ్బరుబ్యాండ్ బదులు బట్ట బ్యాండ్.

సింగరాయకొండ అమ్మ:
వార్డెన్ వింటుందా పిన్నీ?

స్కిన్ క్లినిక్ చెల్లి:
డాక్టరు చీటీ మీద రాసిస్తే వింటారక్కా. మా దగ్గర ఇలాంటి చీటీలు రాయించుకుని వెళ్తూనే ఉంటారు. ఎలాగూ రక్తపరీక్షకి వస్తారు కదా, అప్పుడే అడగండి. ఐరన్ మాత్ర రాస్తే దాన్ని టీతో మింగొద్దని పాపకి చెప్పండి, ముందూ వెనకా గంటైనా తేడా ఉండాలి. హాస్టల్ గుడ్డు పక్కపిల్లకి ఇవ్వకుండా తినమనండి. వెంట్రుకంటే మాంసకృత్తులే. మీరు పంపేటప్పుడు పల్లీ ఉండలు, నువ్వుండలు పంపండి.

ఇంకో మాట. రూపాయి బిళ్లంత మేర నున్నగా జుట్టు పోయి కనపడితే ఆగకుండా తీసుకురండి. అది పేనుకొరుకుడు, పేలకీ దానికీ సంబంధం లేదు, సొంత రోగనిరోధక శక్తే కుదుళ్ల మీద దాడి చేస్తుంది. ఊళ్లలో దానికి గురివింద గింజ అరగదీసి రాస్తారు. ఆ గింజలో ఉన్నది ప్రాణం తీసే విషం. దయచేసి ఇంట్లోకే రానివ్వొద్దు.

సింగరాయకొండ అమ్మ:
అలాంటిదేమీ లేదమ్మా, బతికించావు. శుక్రవారం తీసుకొస్తాను. పిన్నీ, మరి ఆ చీలిన కొసలు? కత్తిరిద్దామంటే ఏడుస్తోంది, ఉన్న పొడుగు కూడా పోతుందని.

ఒంగోలు పిన్ని:
కత్తిరిస్తే వేగంగా పెరుగుతుందని నేను చెప్పను, కొసకి కత్తెర తగిలిన సంగతి కుదురుకి తెలియదు. కానీ చీలిన కొస చీలినచోట ఆగదు, పైకి చీలుకుంటూ పోతుంది, ఆఖరికి అంగుళాలు పోతాయి. ఏ సీరమూ దాన్ని అతికించలేదు, ఓ పూట అంటుకున్నట్టు కనిపిస్తుందంతే. జడ సన్నబడిన చోటికి ఒకేసారి తెగ్గొట్టకండి, పాప తట్టుకోలేదు. ఇప్పుడు రెండంగుళాలు, ఆ తర్వాత మూడు నాలుగు నెలలకోసారి అరంగుళం. ఆ మధ్యలో ఒకటిన్నర, రెండంగుళాలు పెరిగే ఉంటుంది కాబట్టి పొడుగు ఎక్కడికీ పోదు. పొడిజుట్టు మీద, బట్టలు కుట్టే పదును కత్తెరతో కత్తిరించండి. కాగితాలు కోసిన కత్తెర వద్దు, అది కోయదు, నలుపుతుంది, మళ్లీ అక్కడే చీలుతుంది.