వాషింగ్టన్ సెకండరీ ట్రైల్: 11 ఏళ్ల పిల్లాడితో ఏ ముక్క తొక్కాలి?

శనివారం_సవారీ:
అమెరికాలోని రోడ్ ఐలండ్ రాష్ట్రంలో పాత రైలు కట్ట మీద తారు వేసిన సైకిల్ దారి, వాషింగ్టన్ సెకండరీ ట్రైల్‌కి ఈ శనివారం వెళ్దామనుకుంటున్నాం. ఇద్దరు పెద్దవాళ్లం, 11 ఏళ్ల బాబు. మావి 700x35 టైర్ల హైబ్రిడ్ సైకిళ్లు, వాడిది 24 అంగుళాల సైకిల్. తూర్పు కొసనున్న క్రాన్‌స్టన్ నుంచి తారు దారి 19 మైళ్లట. రానూపోనూ 38 అంటే వాడి వల్ల కాదు. పాత బట్టల మిల్లుల ఊళ్లు చూడాలని మా కోరిక. ఎక్కడ మొదలెట్టి ఎక్కడ వెనక్కి తిరగాలి? బోస్టన్ నుంచి కారు లేకుండా కుదురుతుందా?

కట్టదారి:
మీకు సరిపోయేది వెస్ట్ వార్విక్‌లోని రివర్‌పాయింట్ దగ్గర మొదలెట్టి, పడమరగా కోవెంట్రీ సెంటర్ దాకా వెళ్లి రావడం. రానూపోనూ 15 మైళ్ల లోపే, మిల్లు ఊళ్లన్నీ ఇందులోనే తగులుతాయి. క్రాన్‌స్టన్ వైపు భాగం ఎక్కువగా ఇళ్ల వెనక నుంచి, గోదాముల పక్క నుంచి పోతుంది. మీరు చూడాలనుకున్నది అక్కడ తక్కువ.

పడమర వైపుకే బయల్దేరండి. ఇది 1854లో హార్ట్‌ఫర్డ్, ప్రావిడెన్స్ అండ్ ఫిష్‌కిల్ రైలు కోసం వేసిన కట్ట. రైలు నిటారు ఎక్కుడు ఎక్కలేదు కాబట్టి వాలు కంటికి కనబడదు, కానీ పడమరకు పోయేకొద్దీ మెల్లగా ఎక్కుడే. ఆ దారిలో ముందుకెళ్తే వచ్చే ఒక ఊరి పేరే సమిట్, అంటే శిఖరం. పోయేటప్పుడు ఒక గేరు తగ్గించి తొక్కించండి. పిల్లాడు అలిసిపోయే వేళకు తిరుగుదారి దిగుడుగా ఉంటుంది. వేసవి మధ్యాహ్నాల్లో ఇక్కడ గాలి తరచుగా నైరుతి నుంచి వీస్తుంది. పొద్దున్నే బయల్దేరితే ఎదురుగాలి తక్కువ, వచ్చేటప్పుడు అదే వెనక నుంచి తోస్తుంది.

కోవెంట్రీ సెంటర్ దాటాక అడవి, చెరువులు. చాలా అందమైన భాగం, కానీ దుకాణాలు బాగా తగ్గిపోతాయి. మనిషికి కనీసం లీటరున్నర నీళ్లు ఆంథనీ ఊరు దాటేలోపే నింపుకోండి. ఇంకా పడమరకు పోతే కనెక్టికట్ సరిహద్దు రాకముందే తారు అయిపోయి కంకర దారి వస్తుంది.

పాటక్సెట్_ఒడ్డు:
మిల్లుల సంగతి. ఊళ్లు ఒకదాన్నొకటి ఆనుకుని ఎందుకున్నాయో నది చూస్తే తెలుస్తుంది. పాటక్సెట్ నది పల్లానికి దూకిన ప్రతిచోటా ఒక ఆనకట్ట, దాని పక్కన మిల్లు, మిల్లు చుట్టూ కూలీల ఇళ్లు. పత్తి బేళ్లు లోపలికి, బట్ట బయటికి మోయడానికి వాటి మధ్య నుంచే రైలు పోయింది. రివర్‌పాయింట్, ఆర్కిటిక్, క్విడ్నిక్, ఆంథనీ, వాషింగ్టన్ అని వరసగా వస్తాయి. ఆ చివరి ఊరి పేరే ఈ దారికి వచ్చింది.

రాయల్ మిల్స్ మాత్రం వదలకండి, ట్రైల్ దిగి కాస్త పక్కకు వెళ్లాలి. 1890లో కట్టింది, 1919లో కాలిపోతే మళ్లీ కట్టారు. నడిపింది ‘ఫ్రూట్ ఆఫ్ ద లూమ్’ బట్టకు పేరు తెచ్చిన నైట్ సోదరుల కంపెనీ. ఇప్పుడు అందులో అపార్ట్‌మెంట్లు. రాతి గోడలు, ఆనకట్ట బయటి నుంచే చూడొచ్చు. కోవెంట్రీలో ట్రైల్ పక్కన కనిపించే ఫ్లాట్ రివర్ రిజర్వాయర్ కూడా మిల్లులకు నీళ్లు నిలవ చేయడానికి కట్టిందే. ఆగడానికి మంచి చోటు.

మిల్లు ఊళ్లలో చిక్కల్లా రోడ్డు దాటడమే. కూడళ్లు వెంటవెంటనే వస్తాయి, కొన్నిచోట్ల ట్రైల్ రోడ్డుకు ఏటవాలుగా తగులుతుంది. అలాంటిచోట డ్రైవర్లకు సైకిల్ ఆలస్యంగా కనబడుతుంది. బాబును మీ ఇద్దరి మధ్యలో ఉంచి, ప్రతి కూడలి దగ్గర దిగి నడిపించి దాటించండి. ఈ రాష్ట్రంలో 15 ఏళ్లు, అంతకు లోపు పిల్లలకు హెల్మెట్ తప్పనిసరి.

ప్యాచ్_సొల్యూషన్:
చెట్ల వేళ్లు తారును లేపిన చోట్ల గాలి తక్కువున్న ట్యూబ్ రిమ్ముకు నలిగి రెండు చిల్లులు పక్కపక్కనే పడతాయి. అలా పడితే ముల్లు కోసం వెతక్కండి, కారణం గాలి తక్కువ ఉండటమే. 35 ఎంఎం టైరుకు బరువును బట్టి 50 నుంచి 65 పీఎస్ఐ (గాలి ఒత్తిడి కొలత) సరిపోతుంది. బాబు టైరుకు పక్కన రాసిన పరిమితి చూసుకుని మధ్యస్థంగా పెట్టండి. పంపు తల చూసుకోండి: పిల్లల సైకిల్‌కి కారు టైరు లాంటి వాల్వు, మీ వాటికి సన్న వాల్వు ఉండొచ్చు. రెండు సైజుల ట్యూబులు, టైరు ఊడదీసే లివర్లు రెండు, బోల్టులు తిప్పే ఆరు పలకల అలెన్ కీలు (4, 5, 6 ఎంఎం) చాలు. ప్యాచ్ వేస్తే గరుకు కాగితంతో రుద్ది, సొల్యూషన్ రాసి, తడి ఆరేదాకా 5 నిమిషాలు ఆగాలి. తడి మీద అతికిస్తే లేచిపోతుంది.

శనివారం_సవారీ:
ధన్యవాదాలండి. రైలు సంగతి?

కట్టదారి:
శనివారం ప్రావిడెన్స్ దాకా కమ్యూటర్ రైల్లో సైకిళ్లు ఎక్కించుకోవచ్చు. కానీ స్టేషన్ నుంచి ట్రైల్ క్రాన్‌స్టన్ కొసకు 4, 5 మైళ్లు నగరపు రోడ్లు, అక్కణ్నుంచి రివర్‌పాయింట్ ఇంకా దూరం. సిటీ బస్సు ముందున్న ర్యాక్‌లో రెండు సైకిళ్లే పడతాయి, మీవి మూడు. ఈసారికి కారు వెనక ర్యాక్ బిగించుకుని రండి.

పాటక్సెట్_ఒడ్డు:
ఒక్కటి మర్చిపోయాను. గడ్డిలో కూర్చుంటే టిక్ పురుగులు (పిడుదులు) పట్టొచ్చు, లైమ్ జబ్బు వాటి వల్లే. ఇంటికి రాగానే బాబు మోకాళ్ల వెనక, చంకల్లో, చెవుల వెనక వెతకండి. కరుచుకుని ఉంటే సన్న పట్టకారుతో చర్మానికి ఆనించి పట్టి నిటారుగా లాగాలి, మెలితిప్పకూడదు.