అంజన్ గడ్డి నాలుగు రకాలు కలిపితే నేలలో శిలీంధ్రాలు పెరుగుతాయా?

బీడుభూమి: అనంతపురం వైపు ఎర్రనేల బీడు. పశువుల మేతకు వేసే అంజన్ గడ్డి ఒకే రకం వెయ్యాలా, నాలుగు కలపాలా? కలిపితే నేలలో వ్యామ్ శిలీంధ్రాలు (వేళ్లలో చేరి మొక్కకు భాస్వరం అందించేవి) కూడా రకరకాలుగా పెరుగుతాయంటున్నారు. నిజమేనా?

గడ్డిపరక: నిజమే. అమెరికాలో సీడర్ క్రీక్ అనే పరిశోధన క్షేత్రంలో 1994 నుంచి 168 మడులు పెట్టి చూస్తున్నారు కదా.

ఎర్రనేల: అక్కడ మార్చింది జాతుల సంఖ్య, 1 నుంచి 16 దాకా. ఇక్కడ అడిగింది ఒకే జాతిలోని జన్యువైవిధ్యం. రెండూ కలిపేయకండి. అంజన్ ఎక్కువగా ఫలదీకరణ లేకుండానే గింజ కడుతుంది, అపోమిక్సిస్ అంటారు. గింజలో తల్లి జన్యువులే. ఒక రకం బస్తా చల్లితే చేనంతా దాదాపు ఒకే మొక్క.

మట్టివాసన: అందుకే కలపమనేది! బిగ్ బ్లూస్టెమ్ అనే ఒకే జాతి గడ్డిని కాన్సాస్, మిన్నెసోటా, ఇల్లినాయ్ నుంచి తెచ్చి, మట్టీ శిలీంధ్రమూ అటూ ఇటూ మార్చి పెంచారు. 2010లో ఫలితం వచ్చింది. సొంత మట్టి, సొంత శిలీంధ్రం దొరికినప్పుడు ఆ నేలలో కరువైన పోషకం మొక్కకు బాగా అందింది.

ఎర్రనేల: అది మొక్కకూ శిలీంధ్రానికీ పొత్తు ఎంత బాగుందనే లెక్క. నేలలో ఎన్ని రకాల శిలీంధ్రాలున్నాయనే లెక్క కాదు. అది తేలాలంటే ఒక్కో మొక్క మొదట్లో 15 సెం.మీ. లోతు మట్టి విడివిడిగా తీయాలి. మడి మట్టంతా ఒకే బకెట్లో కలిపితే మొక్కకూ మొక్కకూ ఉన్న తేడా ఆ బకెట్లోనే పోతుంది. డీఎన్ఏ చదివించినా, శిలీంధ్రాలను గుర్తించడానికి మామూలుగా చదివే ఐటీఎస్ భాగం ఒక్కటే చాలదు, వ్యామ్ జాతులు అందులో సరిగా దొరకవు. డీఎన్ఏలోనే 18ఎస్ అనే మరో భాగం చదివించాలి.

గడ్డిపరక: బస్తా మీద పేరు వేరు, లోపల గింజ ఒకటే. ముందు ఆ మోసం సంగతి చూడండి.

మట్టివాసన: బకెట్టు, డీఎన్ఏ... మీకు కొలతలే లోకం. జిల్లా అంతా ఒకే రకం పరిచేస్తే, ఈ నేలతో తరాలుగా కుదురుకున్న గట్టు మీది గడ్డి పోతుంది. నా బాధ అది!

ఎర్రనేల: ఆ మాట మొదటే అనాల్సింది. దానికి నేను అడ్డు కాదు. కానీ అది కలపడం కాదండీ, స్థానిక గడ్డిని నిలబెట్టడం. ఎక్కడివో నాలుగు రకాలు తెచ్చి కలిపితే మీరన్న పొత్తు ఒక్కదానికీ ఉండదు.

మట్టివాసన: గట్టు గడ్డి కూడా నాలుగు ఊళ్లది కలపొచ్చుగా?

బీడుభూమి: అయితే గట్టు పిలకలే నాటనా?

ఎర్రనేల: నాటండి. నాలుగు ఊళ్లది కలిపి పరీక్షగా చూడాలనుకుంటే, పిలకల వేళ్లతో పాత చోటి శిలీంధ్రం వచ్చేస్తుంది. వేళ్లు కత్తిరించి, కడిగి, అన్నిటినీ మీ మట్టిలోనే ఒక నారుమడిలో పెంచండి. 3 మీటర్ల మడికి 50 సెం.మీ. దూరంతో 36 పిలకలు, కలిపిన మడిలో రకానికి 9. ప్రతి రకానికీ విడి మడి ఉండాల్సిందే. లేకపోతే తేడా కలపడం వల్ల వచ్చిందో, వాటిలో ఒక బలమైన రకం వల్ల వచ్చిందో తేలదు. డీఏపీ మాత్రం వెయ్యొద్దు, భాస్వరం ఎక్కువైతే వేళ్లలో వ్యామ్ తగ్గిపోతుంది.