యాంప్లిఫైయర్ పవర్ సప్లైలో డయోడ్లు మారిస్తే పాట తేటపడుతుందా?

పాటలపెట్టె:
పాట సంకేతాన్ని పెంచే రెండు ఎల్ఎమ్3886 ఐసీలతో (చిప్పులతో) నేనే కట్టుకున్న స్టీరియో యాంప్లిఫైయర్‌ను నాలుగేళ్లుగా వాడుతున్నాను. 24-0-24 ట్రాన్స్‌ఫార్మర్, ఏసీని డీసీగా మార్చడానికి నాలుగు 1ఎన్5408 డయోడ్ల (కరెంటును ఒకే దిశలో వదిలే భాగాల) బ్రిడ్జి, ఆ డీసీని చదును చేయడానికి ప్లస్సుకూ మైనస్సుకూ చెరొక 10,000 మైక్రోఫారడ్ల కెపాసిటర్ ఉన్నాయి. పాట ఆపి స్పీకరుకు చెవి ఆనిస్తే తుమ్మెద రొదలాంటి శబ్దం వినిపిస్తున్నది. మామూలు డయోడ్లు ఆగవలసిన క్షణంలో ఆగకుండా కాసేపు కరెంటును వెనక్కి వదులుతాయనీ, ఆ మురికే పాటలో కలుస్తున్నదనీ, షాట్‌కీ డయోడ్లు వేస్తే వాయిద్యాలు విడివిడిగా వినిపిస్తాయనీ ఒక మిత్రుడు చెబుతున్నాడు. ఖర్చు పెద్దది కాదు గనుక 1ఎన్5822 అనే షాట్‌కీలు తెచ్చి పెట్టుకున్నాను. వేయమంటారా?

సీరీస్‌బల్బు:
దయచేసి వాటిని వేయకండి. 1ఎన్5822 తట్టుకునే ఎదురు వోల్టేజి 40 వోల్టులే. మీ ట్రాన్స్‌ఫార్మర్‌లో ఒక్కో సగం 24 వోల్టులు కాబట్టి దాని శిఖరం 34 వోల్టులు. ప్లస్సు, మైనస్సు రెండూ ఒకే బ్రిడ్జి నుంచి తీసినప్పుడు, మూసుకుని ఉన్న డయోడు మీద పడేది ఆ రెండింటి మొత్తం, అంటే 68 వోల్టులు. ఇంటి కరెంటు 230 నుంచి 250కి పెరిగిన రాత్రి అది 74 అవుతుంది. నేను ఒకసారి సరిగ్గా ఈ పొరపాటే చేశాను. కరెంటు హద్దు మీరకుండా 100 వాట్ల బల్బును సీరీస్‌లో పెట్టి ఆన్ చేయడం వల్ల బతికిపోయాను. ఒక్కసారి మెరిసి మందగించవలసిన ఆ బల్బు నిండుగా వెలుగుతూనే ఉండిపోయింది. డయోడ్లను ఊడదీసి మల్టీమీటరు పెడితే రెండు అటు పట్టినా ఇటు పట్టినా బీప్‌మన్నాయి, అంటే షార్టయ్యాయి. 100 వోల్టుల షాట్‌కీలు కాగితం మీద సరిపోతాయి గానీ, వేడెక్కేకొద్దీ వాటిలో లీకేజి (ఎదురు దిశలో కారే కరెంటు) పెరుగుతుంది.

సన్నాయి:
షాట్‌కీ విషయంలో ఏకీభవిస్తాను. అయితే దానితో అసలు ప్రశ్నను కొట్టివేయడం న్యాయం కాదు. యుఎఫ్5408 వంటి వేగవంతమైన డయోడు 1000 వోల్టులు తట్టుకుంటుంది, 75 నానోసెకన్లలో ఆగుతుంది. మామూలు రకానికి మైక్రోసెకన్లు పడుతుంది. నా గ్రామఫోను ప్రీయాంప్‌లో (చిన్న సంకేతాన్ని మొదట పెంచే పెట్టెలో) వీటిని వేసిన తరువాత వయొలిన్ పై స్థాయిలో ఉన్న గరుకుదనం పోయింది. ముల్లు ఉండే కార్ట్‌రిడ్జి నుంచి వచ్చేది 5 మిల్లీవోల్టుల సంకేతం. అంత సున్నితమైన చోట పవర్ సప్లై మురికి వినిపించదని ఎలా అనగలం?

పాతరేడియో:
మురికి ఉన్నమాట నిజమే, దాన్ని పుట్టించేది డయోడు ఒక్కటే కాదు. డయోడు ఆగినప్పుడు ట్రాన్స్‌ఫార్మర్ వైండింగులోని లీకేజి ఇండక్టెన్సూ (కరెంటు మార్పును ఎదిరించే గుణం), చుట్టూ ఉన్న కెపాసిటెన్సూ (ఛార్జిని నిలుపుకునే గుణం) కలిసి, కొట్టిన గంటలా కొన్ని పదుల లేదా వందల కిలోహెర్ట్జ్‌ల దగ్గర మోగుతాయి. వేగవంతమైన డయోడు ఆ దెబ్బ తీరును మారుస్తుంది, గంటను తీసివేయదు. మరీ చటుక్కున ఆగే రకమైతే ఇంకా గట్టిగా మోగించవచ్చు కూడా. మోతను అణచడానికి సెకండరీ (ట్రాన్స్‌ఫార్మర్ బయటికిచ్చే వైండింగు) రెండు కొసల మధ్య ఒక 10 నానోఫారడ్ల కెపాసిటర్‌నూ, దానికి సమాంతరంగా 150 నానోఫారడ్లతో సీరీస్‌లో ఒక రెసిస్టర్‌నూ పెట్టి, అలను తెర మీద చూపే ఆసిలోస్కోపులో అది ఒక్క ఊపుతో చదునయ్యే వరకు రెసిస్టర్ విలువను సవరించాలి. అది కుదిరాక పైన ఏ డయోడు ఉందన్నది దాదాపు అప్రస్తుతం.

ఇక పాటలపెట్టె గారి తుమ్మెద రొదకూ దీనికీ సంబంధం లేదని నా గట్టి నమ్మకం. పాట లేనప్పుడు రెండు ఐసీలూ కలిసి తీసుకునేది సుమారు 100 మిల్లీఆంపియర్లు. ఆ లోడుకు 10,000 మైక్రోఫారడ్ల మీద రిపుల్ (డీసీలో మిగిలే ఊగిసలాట) 0.1 వోల్టు. 100 హెర్ట్జ్ దగ్గర ఆ ఐసీ దాన్ని లక్షో వంతుకు తగ్గిస్తుంది, కాబట్టి స్పీకరుకు చేరేది మైక్రోవోల్టు స్థాయిలోనే ఉంటుంది. చెవికి వినిపిస్తున్నదంటే వేరే దారిన వస్తున్నట్టే. కెపాసిటర్లు నిండేది ప్రతి అరచక్రంలో ఒకటి రెండు మిల్లీసెకన్లలో కనుక, రెండు కెపాసిటర్లను కలిపే గ్రౌండు (సున్నా వోల్టుల) వైరులో అర ఆంపియరూ, అంతకు మించీ పోట్లు నడుస్తాయి. 10 సెంటీమీటర్ల సన్నని వైరుకు 3, 4 మిల్లీఓములు ఉన్నా, రెండు కొసల మధ్య 2 మిల్లీవోల్టులు నిలుస్తాయి. ఇన్‌పుట్ గ్రౌండు ఒక కొసన, ఫీడ్‌బ్యాక్ (అవుట్‌పుట్ నుంచి ఐసీకి తిరిగి వచ్చే సంకేతం) గ్రౌండు మరో కొసన ఉంటే ఐసీ దాన్ని పాట అనుకుని ఇరవై రెట్లు పెంచుతుంది. మీ గ్రౌండు వైర్లు ఎక్కడ కలిశాయో చూడండి.

డయోడ్ల దగ్గర చేసిన పని చెవికి స్పష్టంగా తెలిసేది ఒకే సందర్భంలో చూశాను. మీడియం వేవ్‌లో, ఉదాహరణకు 837 కిలోహెర్ట్జ్ విజయవాడ కేంద్రాన్ని పట్టినప్పుడు మాత్రమే హమ్ (గుయ్‌మనే రొద) వచ్చి, కేంద్రం తప్పితే పోయే రేడియోలు ఉంటాయి. కరెంటు వైర్లు యాంటెనాలా పట్టుకున్న సంకేతాన్ని డయోడ్లు సెకనుకు వందసార్లు తెరిచి మూయడం దీనికి కారణం. అక్కడ కూడా మందు కొత్త డయోడు కాదు, ఒక్కో డయోడుకు అడ్డంగా వేసే 10 నానోఫారడ్ల సిరామిక్ కెపాసిటర్.

సీరీస్‌బల్బు:
సన్నాయి గారూ, ఒక సందేహం. మీ ప్రీయాంప్‌లో ఆరోజు మార్చినది డయోడ్లు మాత్రమేనా?

సన్నాయి:
దాచడమెందుకు, పెట్టె విప్పాను గదా అని పాత ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్లు కూడా మార్చాను. తేడాలో దేని వాటా ఎంతో విడదీసి చెప్పలేను. అయినా వేగవంతమైన డయోడు వల్ల నష్టమేమీ లేనప్పుడు కొత్తగా కట్టేవాళ్లు దాన్నే ఎంచుకోవచ్చన్న నా మాట మీదే ఉన్నాను.

పాతరేడియో:
కొత్తగా కట్టేటప్పుడు అభ్యంతరం లేదు. పనిచేస్తున్న బోర్డు మీద టంకం కరిగించి రాగి పట్టీ లేపుకోవడం మీదే నా అభ్యంతరం.

పాటలపెట్టె:
ఇన్‌పుట్ గ్రౌండు ఒక కెపాసిటర్ కాలి మీద, ఐసీ గ్రౌండు రెండో కెపాసిటర్ కాలి మీద ఉన్నాయి. రెండింటినీ విప్పి, కెపాసిటర్ల జోడు నుంచి బయటికి లాగిన వేరే బిందువు దగ్గర కలిపాను. ఎడమ స్పీకరులో రొద పూర్తిగా పోయింది. కుడివైపు కొంచెం మిగిలింది. ఆ ఇన్‌పుట్ వైరు ట్రాన్స్‌ఫార్మర్‌ను ఆనుకుని పోతున్నది, ఆదివారం దాన్ని జరుపుతాను. 1ఎన్5408లు ఉన్నచోటే ఉన్నాయి.