టీఎల్‌డీ బ్యాడ్జి ఆప్రాన్ లోపలా, బయటా?

ఓటీ_సిస్టర్: మా ఆర్థో థియేటర్‌కి సీ-ఆర్మ్ (ఆపరేషన్ మధ్యలో ఎక్స్‌రే చూపే మెషిన్) వచ్చి మూడేళ్లయింది. రేడియేషన్ కొలిచే ఈ టీఎల్‌డీ బ్యాడ్జి చేతికిచ్చి రిజిస్టర్‌లో సంతకం పెట్టించుకున్నారు, అదే ట్రైనింగ్. కొందరు రేడియేషన్‌ని అడ్డుకునే లెడ్ ఆప్రాన్ పైన పెట్టుకుంటారు, కొందరు లోపల. ఇక మా వార్డ్‌బాయ్ అయితే బ్యాడ్జి ఉంటే రేడియేషన్ తగలదంటూ ఆప్రాన్ లేకుండానే నిలబడతాడు! మీ దగ్గర ఎలా?

కడప_రేడియోగ్రాఫర్: లోపలే సిస్టర్, ఛాతీ దగ్గర. అది ఒంటికి ఎంత తగిలిందో చెప్తుంది, ఆపదు. మూడు నెలలకోసారి ల్యాబ్‌కి పంపితే అందులోని బిళ్లల్ని వేడిచేసి లెక్క చూస్తారు. మనకి ఏఈఆర్‌బీ (అణుశక్తి నియంత్రణ బోర్డు) పరిమితి అయిదేళ్ల సగటున ఏడాదికి 20 మిల్లీసీవర్ట్‌లు (ఒంటికి తగిలే రేడియేషన్ కొలత), ఏ ఒక్క ఏడాదిలోనూ 30 దాటకూడదు. ఓసారి నా బ్యాడ్జి ఎక్స్‌రే గదిలో కొక్కేనికున్న ఆప్రాన్‌కే వారం రోజులు ఉండిపోయింది. ఆ రీడింగ్‌కి సంజాయిషీ రాసుకునేసరికి తల ప్రాణం తోకకొచ్చింది.

ఆర్థో_పీజీ: మా దగ్గర ఉల్టా. రీడింగ్ పెరిగితే కేసులు ఆపేస్తారని సీనియర్లు బ్యాడ్జి డ్రాయర్‌లో పెట్టి వస్తారు. నేనూ ఏడాది అదే పని చేశా. విరిగిన ఎముకలో నెయిల్ (రాడ్) వేసి దాని కింది స్క్రూ రంధ్రం దొరకక "ఇంకో షాట్, ఇంకో షాట్" అన్న రోజులవి, చేతులు బీమ్‌లోనే. ఇప్పుడు తలచుకుంటే టెన్షన్.

క్యాథ్‌ల్యాబ్_అన్న: తమ్ముడూ, ఎక్స్‌రేలు వచ్చే ట్యూబ్ టేబుల్ కిందే ఉంచు. మనకి తగిలేదాంట్లో ఎక్కువ భాగం పేషెంట్ ఒంటి నుంచి చెదిరి వచ్చేదే. లాటరల్ (పక్క నుంచి షాట్) తీసేటప్పుడు ట్యూబ్ వైపు నిలబడకు. షాట్‌కి ముందు వెనక్కి జరుగు, దూరం రెట్టింపైతే తగిలేది దాదాపు నాలుగో వంతే. ఇంకోటి, ఆప్రాన్ మడతపెట్టొద్దు. మేం రోజూ స్టూల్ మీద మడిచి పడేసేవాళ్లం. ఓరోజు ఫ్లోరో (లైవ్ ఎక్స్‌రే) కింద పెట్టి చూస్తే సరిగ్గా నడుం మడత దగ్గర జానెడు పగులు. రెండేళ్లు దాన్నే తొడుక్కున్నా!

ఓటీ_సిస్టర్: మాలో ఒకమ్మాయికి మూడో నెల. డ్యూటీ మారుస్తారని చెప్పట్లేదు.

కడప_రేడియోగ్రాఫర్: వెంటనే ఆర్‌ఎస్‌ఓకి (రేడియేషన్ సేఫ్టీ ఆఫీసర్) చెప్పించండి. గర్భం సంగతి తెలిశాక బిడ్డకి మిగతా నెలలన్నీ కలిపి 1 మిల్లీసీవర్ట్ దాటకూడదు. డ్యూటీ మార్చడం శిక్ష కాదమ్మా.

ఓటీ_సిస్టర్: చెప్పింది అన్నా, వార్డుకి మార్చారు. ఇవాళ కేసులయ్యాక మా నాలుగు ఆప్రాన్‌లూ సీ-ఆర్మ్ కింద చూశాం. రెండింటికి పగుళ్లు. వాటిలో ఒకటి నాది.