రిటైర్ అయ్యాక సైకిల్ ట్రైల్ పక్కన చిన్న ఊర్లో సెటిల్ అవ్వాలని ఉంది, ఊరు ఎలా ఎంచుకోవాలి?

న్యూజెర్సీ_రైడర్:

అందరికీ నమస్కారం అండి. నాకు 62, మా ఆవిడకి 60, వచ్చే ఏడాది ఇద్దరం ఉద్యోగాలు మానేద్దాం అనుకుంటున్నాం. సైకిల్ అంటే ఇద్దరికీ ప్రాణం, కానీ కార్ల మధ్యలో రోడ్డు మీద తొక్కే ఓపిక ఇంక లేదు, అందుకని పాత రైల్వే లైన్ తీసేసి వేసిన పొడవాటి ట్రైల్ ఏదైనా చూసుకుని, దాని పక్కన చిన్న ఊర్లో ఇల్లు కొనుక్కుని, పొద్దున కాఫీ తాగి గేటు తీస్తే ట్రైల్ ఎక్కేసేలా ఉండాలని కోరిక. పెన్సిల్వేనియాలో గ్యాప్ (గ్రేట్ అలెగనీ ప్యాసేజ్) ట్రైల్ మీద ఉన్న కాన్‌ఫ్లుయెన్స్, ఒహయోపైల్ ఊళ్లు మాకు తెగ నచ్చాయి. మిజోరీలో కేటీ ట్రైల్ మీద రోచ్‌పోర్ట్, హర్మన్ గురించి కూడా బాగా చదివాం. అమ్మాయి వర్జీనియాలో డీసీ దగ్గర, అబ్బాయి షికాగోలో ఉంటారు. నా మోకాళ్లు అంతంత మాత్రం, పెద్ద ఎత్తులు ఎక్కలేను. మా ఆవిడకి ఇంతకుముందు ఒక స్టెంట్ పడింది, ఇప్పుడు బానే ఉంది. ఇలాంటి ఊళ్లలో ఉంటున్నవాళ్లు, లేదా ఇలా వెళ్లి సెటిల్ అయినవాళ్లు ఎవరైనా ఉంటే ఏం చూసుకోవాలో చెప్పండి ప్లీజ్.

పిట్స్‌బర్గ్_పక్కన:

రైడర్ గారూ, నేను ఉండేది గ్యాప్ దగ్గరే కాబట్టి దాని సంగతి చెప్తా. ముందు మోకాళ్ల విషయం. రైలు ఎత్తు ఎక్కలేదు కాబట్టి రైల్వే లైన్ మీద వేసిన ట్రైల్ ఎప్పుడూ మెల్లగానే ఎక్కుతుంది, అయితే గ్యాప్‌కి రెండు వైపులూ ఒకలా ఉండవు. మొత్తం 150 మైళ్లు, పిట్స్‌బర్గ్ నుంచి మేరీల్యాండ్‌లో కంబర్లాండ్ దాకా. అన్నిటికంటే ఎత్తు ఈస్టర్న్ కాంటినెంటల్ డివైడ్ (నీళ్లు అట్లాంటిక్ వైపు, గల్ఫ్ వైపు విడిపోయే కొండ గట్టు) దగ్గర 2,392 అడుగులు. పిట్స్‌బర్గ్ వైపు నుంచి వస్తే ఆ ఎత్తు నూటపాతిక మైళ్లలో ఎక్కుతాం, అసలు ఎక్కుతున్నట్టే తెలీదు. కంబర్లాండ్ నుంచి వస్తే అదే ఎత్తు పాతిక మైళ్ల లోపే ఎక్కేయాలి. వాలు రెండు శాతం లోపే కానీ ఎక్కడా ఊపిరి తీసుకోవడానికి దిగుడు ఉండదు. అంటే కంబర్లాండ్‌లో ఇల్లు కొంటే పొద్దున్నే పడమర వైపు వెళ్లిన ప్రతిసారీ ముందు ఎక్కడమే, ఇంటికి వచ్చేటప్పుడు తొక్కక్కర్లేదు. నాకైతే అది బానే ఉంటుంది, అలిసిపోయాక దిగుడు దొరుకుతుంది కాబట్టి. ఎక్కుడు వద్దనుకుంటే అదే ఊర్లో రెండో వైపు సి అండ్ ఓ కెనాల్ దారి మొదలవుతుంది, డీసీ జార్జ్‌టౌన్ దాకా 184.5 మైళ్లు, కాలవ గట్టు కాబట్టి దాదాపు చదునే. కాకపోతే వాన పడితే అది బురద బురద, గ్యాప్ మీద సున్నపురాయి పొడి వేసి ఉంటుంది కాబట్టి నీళ్లు తొందరగా ఇంకిపోతాయి.

ఇంకో ముఖ్యమైన విషయం, జూలైలోనో అక్టోబర్‌లోనో చూసి ఇల్లు కొనకండి. అక్టోబర్‌లో ఆకులు రంగు మారినప్పుడు ఒహయోపైల్ చూస్తే ఎవరికైనా అక్కడే ఉండిపోవాలనిపిస్తుంది, అది వంద మంది కూడా లేని ఊరు, చుట్టూ స్టేట్ పార్క్, వేసవిలో రాఫ్టింగ్ కోసం జనం కిటకిట. జనవరిలో వెళ్లి చూడండి. మంచు కాలంలో బిగ్ సావేజ్ టన్నెల్‌కి తలుపులు మూసేస్తారు, ఏప్రిల్ దాకా తియ్యరు, కాబట్టి కొండ దాటి వెళ్లే దారి ఆ నాలుగు నెలలూ ఉండదు. ట్రైల్ మీద మంచు ఎవరూ తియ్యరు, కరిగే రోజుల్లో మెత్తగా ఉండి చక్రం దిగబడుతుంది. ఏడాదికి నాలుగు నెలలు సైకిల్ లోపలే ఉంటుంది అనుకుని, ఆ నాలుగు నెలలు ఆ ఊర్లో ఏం చేస్తారో ఆలోచించుకోండి, లైబ్రరీ ఉందా, నడవడానికి దారి ఉందా, మాట్లాడడానికి నలుగురు ఉన్నారా అని.

ఐసీయూ_అక్క:

తమ్ముడూ, ట్రైల్ గురించి నాకేం తెలీదు, నేను నర్సుగా పనిచేసి రిటైర్ అయ్యాను కాబట్టి మీ ఆవిడ స్టెంట్ దగ్గర ఆగిపోయా. హార్ట్ ఎటాక్ వస్తే రక్తనాళం తెరవడానికి హాస్పిటల్‌కి చేరాక 90 నిమిషాలు, ఒక హాస్పిటల్ నుంచి ఇంకో హాస్పిటల్‌కి పంపాల్సి వస్తే మొత్తం 120 నిమిషాల లోపు అవ్వాలని డాక్టర్లు లెక్క పెట్టుకుంటారు. చిన్న ఊర్లో హాస్పిటల్ అని బోర్డు ఉంటే సరిపోదు, అక్కడ క్యాథ్ ల్యాబ్ (మూసుకుపోయిన గుండె రక్తనాళం తెరిచే గది) ఉందా, రాత్రిపూట ఆదివారం కూడా నడుస్తుందా అని ఫోన్ చేసి అడగండి, మొహమాటపడొద్దు, చెప్తారు. అలాగే అంబులెన్స్ ఎవరిది అని అడగండి. పెన్సిల్వేనియా పల్లెల్లో చాలా చోట్ల వాలంటీర్లే నడుపుతారు, ఎంతో మంచివాళ్లు కానీ మనిషి దొరికి బండి కదలడానికి టైం పడుతుంది. కాన్‌ఫ్లుయెన్స్ నుంచి సోమర్సెట్ అయినా యూనియన్‌టౌన్ అయినా కొండ రోడ్ల మీద అరగంట పైనే, మంచు పడితే ఇంకా ఎక్కువ.

ఇన్సూరెన్స్ సంగతి కూడా చెప్పేస్తా. మీకు మెడికేర్, అదే పెద్దవాళ్లకి ప్రభుత్వం ఇచ్చే హెల్త్ ఇన్సూరెన్స్, 65కి వస్తుంది, ఈలోపు ప్రభుత్వ మార్కెట్‌ప్లేస్‌లో సొంతంగా ప్లాన్ కొనుక్కోవాలి, అది కౌంటీని బట్టి ఉంటుంది. చిన్న కౌంటీల్లో కంపెనీలు తక్కువ, మీరు వెళ్లాలనుకునే హాస్పిటల్ నెట్‌వర్క్‌లో ఉండకపోవచ్చు, కాబట్టి ఊరు ఖాయం చేసుకునే ముందే ఆ జిప్ కోడ్ కొట్టి చూడండి. 65 వచ్చాక మెడికేర్ బదులు ప్రైవేట్ కంపెనీలు నడిపే అడ్వాంటేజ్ ప్లాన్ తీసుకుంటే మళ్లీ నెట్‌వర్క్ గొడవే, ఒరిజినల్ మెడికేర్‌తో పాటు మెడిగాప్ (మెడికేర్ కట్టని మిగతా ఖర్చు కట్టే పాలసీ) తీసుకుంటే మెడికేర్ ఒప్పుకునే డాక్టర్ దగ్గరకి దేశంలో ఎక్కడికైనా వెళ్లొచ్చు. మెడిగాప్‌కి పార్ట్ బి (మెడికేర్‌లో డాక్టర్ ఖర్చుల భాగం) మొదలైన మొదటి ఆరు నెలలే బంగారం లాంటి సమయం, ఆ టైంలో జబ్బులున్నాయని కాదనడానికి లేదు. అది దాటితే చాలా రాష్ట్రాల్లో ఆరోగ్యం చూసి కాదనొచ్చు. స్టెంట్ ఉన్న మనిషికి ఇది ట్రైల్ కంటే వంద రెట్లు ముఖ్యం.

మిజోరీ_మనిషి:

కేటీ గురించి అడిగారుగా అన్నా, నేను కొలంబియాలో ఉంటా. క్లింటన్ నుంచి మాకెన్స్ దాకా దాదాపు 240 మైళ్లు, ఇదీ సున్నపురాయి పొడే. సెయింట్ చార్ల్స్ నుంచి బూన్‌విల్ దాకా మిజోరీ నది పక్కనే పోతుంది కాబట్టి చాలా చదును, బూన్‌విల్ దాటాక సెడేలియా వైపు ఎత్తుపల్లాలు వస్తాయి. చలికాలం మీ గ్యాప్ కంటే తేలిక, జనవరిలో కూడా మధ్యమధ్యలో తొక్కే రోజులు దొరుకుతాయి, కానీ జూలై ఆగస్టు ఉక్క మాత్రం భరించలేం, తెల్లారకముందే వెళ్లి వచ్చేయాలి.

రోచ్‌పోర్ట్ చూడడానికి చాలా అందంగా ఉంటుంది, రైలు టన్నెల్, నది పక్కన తెల్లటి కొండ గోడలు, 1990లో ట్రైల్ మొదటి ముక్క తెరిచింది కూడా అక్కడే. కానీ జనాభా రెండొందలు. పాలకి కూడా కారు తియ్యాలి. హర్మన్ మంచి ఊరు, ఆమ్‌ట్రాక్ రైలు ఆగుతుంది, కానీ ఊరు నదికి దక్షిణాన ఉంది, ట్రైల్ ఉత్తరాన, బ్రిడ్జి మీద సైకిల్‌కి దారి ఉంది కానీ మీరు గేటు తీస్తే ట్రైల్ అన్నారు కదా, అది అవదు. బూన్‌విల్‌ అన్ని రకాలా బానే కుదిరేది, ట్రైల్ ఊరి మధ్యలోకి వస్తుంది, అయితే అక్కడి హాస్పిటల్ 2020లో మూతపడింది. అక్క చెప్పింది అందుకే బాగా పట్టించుకోండి, ఇవాళ ఉన్న హాస్పిటల్ పదేళ్ల తర్వాత ఉంటుందో లేదో కూడా చూడాలి. నా మటుకు నేను కొలంబియాలో ఉండి, తొమ్మిది మైళ్ల ఎంకేటీ ట్రైల్ మీద నుంచి కేటీకి వెళ్తా. చిన్న ఊరు కాదు, యూనివర్సిటీ ఊరు, కానీ యూనివర్సిటీ హాస్పిటల్ ఇక్కడే ఉంది. ఇంకోటి, నది పక్కన ఊళ్లలో 1993 వరద గురించి పాతవాళ్లని అడగండి, నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయో వేలు పెట్టి చూపిస్తారు.

న్యూజెర్సీ_రైడర్:

చాలా చాలా థాంక్స్ అండి అందరికీ. అక్కా, మీరు రాసింది మా ఆవిడకి చదివి వినిపించా, కాన్‌ఫ్లుయెన్స్ మాట ఇంక ఎత్తొద్దంది. ఇప్పుడు కంబర్లాండ్ మీద ఆలోచన వచ్చింది. పిల్లల దగ్గరకి రైలు ఉంటుందా? అదే బోర్డర్ దాటి పెన్సిల్వేనియాలో కొంటే ట్యాక్స్ తక్కువ అంటున్నారు, నిజమేనా? కానెల్స్‌విల్ ఎలా ఉంటుంది?

లెక్కల_మాస్టారు:

ట్యాక్స్ ఫైల్ చేసే పనిలో చాలా ఏళ్లు ఉన్నాను, ఆ ముక్క నేను చెప్తాను. పెన్సిల్వేనియాలో రిటైర్ అయినవాళ్ల సోషల్ సెక్యూరిటీ, పెన్షన్, వయసు వచ్చాక తీసుకునే 401కె (ఉద్యోగం ద్వారా పెట్టుకునే రిటైర్మెంట్ ఖాతా), ఐఆర్ఏ (సొంతంగా పెట్టుకునే ఖాతా) డబ్బుల మీద స్టేట్ ట్యాక్స్ లేదు. మిగతా ఆదాయం మీద 3.07 శాతం, అంతే. కానీ మీ తదనంతరం పిల్లలకి వెళ్లే దాని మీద 4.5 శాతం ఇన్హెరిటెన్స్ ట్యాక్స్ (వారసత్వ పన్ను) ఉంది, భార్యకో భర్తకో వెళ్తే సున్నా. మేరీల్యాండ్‌లో సోషల్ సెక్యూరిటీ మీద ట్యాక్స్ లేదు గానీ మిగతాదాని మీద స్టేట్ ట్యాక్స్‌తో పాటు కౌంటీ ట్యాక్స్ కూడా పడుతుంది. 65 దాటాక పెన్షన్‌కి కొంత మినహాయింపు ఇస్తారు, అందులో 401కె వస్తుంది, ఐఆర్ఏ రాదు. అందుకని ఉద్యోగం మానగానే అందరూ చెప్పారని 401కె మొత్తం ఐఆర్ఏలోకి మార్చేయకండి, ముందు ఏ రాష్ట్రంలో ఉంటారో తేల్చుకోండి. పిల్లలకి వెళ్లే దాని మీద మేరీల్యాండ్‌లో ఇన్హెరిటెన్స్ ట్యాక్స్ లేదు, చనిపోయినవాళ్ల మొత్తం ఆస్తి మీద వేసే ఎస్టేట్ ట్యాక్స్ మాత్రం 5 మిలియన్ డాలర్లు దాటిన ఆస్తికే.

ఇల్లు పెన్సిల్వేనియా వైపు చూస్తే, అది బొగ్గు గనుల ప్రాంతం. ఇంటి కింద పాత గని ఉంటే నేల కుంగొచ్చు, మామూలు ఇంటి ఇన్సూరెన్స్ దానికి డబ్బులివ్వదు. మైన్ సబ్సిడెన్స్ ఇన్సూరెన్స్ అని రాష్ట్ర ప్రభుత్వమే విడిగా ఇస్తుంది, గనుల మ్యాప్‌లో మీ అడ్రస్ వెతికి చూసుకోవచ్చు. వరద కూడా అంతే, మామూలు పాలసీలో రాదు, ప్రభుత్వ విపత్తుల శాఖ ఫెమా వేసిన వరద మ్యాప్ చూడండి. ట్రైల్స్ అన్నీ నదుల పక్కనే పోతాయి, అందుకే ట్రైల్‌కి ఆనుకుని ఉన్న ఇల్లు అని మురిసిపోయేది సగం సార్లు వరద జోన్‌లో ఉంటుంది. నేలలోంచి ఇంట్లోకి వచ్చే రేడాన్ గ్యాస్‌కి టెస్ట్ చేయించడం మాత్రం మరిచిపోవద్దు.

పిట్స్‌బర్గ్_పక్కన:

రైలు సంగతి. ఆమ్‌ట్రాక్ ఫ్లోరిడియన్ షికాగో నుంచి డీసీ మీదుగా మయామి వెళ్తుంది, కానెల్స్‌విల్‌లోనూ ఆగుతుంది, కంబర్లాండ్‌లోనూ ఆగుతుంది. రోజుకి అటు ఒకటి ఇటు ఒకటి. అంటే మీ అబ్బాయికీ అమ్మాయికీ మధ్యలో అదే లైన్ మీద ఉంటారు, మీ కుటుంబానికి ఇంతకంటే బాగా కుదిరే ట్రైల్ ఇంకోటి నాకైతే కనిపించట్లేదు.

కానెల్స్‌విల్‌ దాదాపు ఏడు వేల జనం, ట్రైల్ ఊరి వీధుల్లోంచే పోతుంది, యాక్ (యాకిగేనీ) నది పక్కనే, ఇక్కడి నుంచి ఎటు వెళ్లినా మోకాళ్లకి నొప్పి ఉండదు, ఒహయోపైల్ పదిహేడు మైళ్ల దూరం, పొద్దున వెళ్లి భోజనానికి ఇంటికి రావచ్చు. పిట్స్‌బర్గ్‌ పెద్ద హాస్పిటళ్లు కారులో గంటా గంటంపావు. పెన్‌హిల్స్‌లో 1976 నుంచి ఉన్న వెంకటేశ్వర స్వామి గుడికి కూడా అంతే, మీకు కావాలంటే. ఊరు ఒకప్పుడు బొగ్గు నుంచి కోక్ తయారుచేసే పరిశ్రమతో వెలిగింది, ఇప్పుడు కొన్ని వీధులు ఖాళీగా ఉంటాయి, అది చూసి బెంగ పడేవాళ్లు ఉంటారు. కంబర్లాండ్ కూడా అంతే, 1940లో 39 వేల జనం, టైర్ల ఫ్యాక్టరీ లాంటివి పోయాక ఇప్పుడు 19 వేలు. అందుకే ఇళ్లు చవక, అందుకే ఒక వీధి బాగుండి పక్క వీధి పాడుబడి ఉంటుంది, ఆన్‌లైన్ ఫొటోలు చూసి కొనే ఊరు కాదు. కానీ పెద్ద హాస్పిటల్ ఊర్లోనే ఉంది, హైవే ఉంది, రెండు ట్రైల్స్ కలిసేది ఊరి నడిబొడ్డున. ఫ్రాస్ట్‌బర్గ్ కాలేజీ ఊరు, హుషారుగా ఉంటుంది, అయితే ట్రైల్ దగ్గర నుంచి ఊర్లోకి మెలికల దారిలో నిటారుగా ఎక్కాలి, మంచు కూడా కంబర్లాండ్ కంటే బాగా ఎక్కువ, మీ మోకాళ్లకి వద్దు.

ట్రైల్ నచ్చి ఊరికి వచ్చినా ఉండేది ఊర్లోనే అండి. సైకిల్ తొక్కలేని రోజు కూడా బతకడానికి బాగుండే ఊరే చూసుకోండి. ఈ రెండింటిలో నేనైతే మీ ఆవిడ కోసం కంబర్లాండ్ అంటాను.

ఒహాయో_పెడల్:

ఒక్క మాట, గట్టి తారు దారి కావాలనుకుంటే మా వైపు జీనియా, యెల్లో స్ప్రింగ్స్ కూడా చూడండి. లిటిల్ మయామి ట్రైల్ 78 మైళ్లు, జీనియాలో చాలా ట్రైల్స్ కలుస్తాయి, సిన్సినాటి నుంచి క్లీవ్‌లాండ్ దాకా 326 మైళ్ల ఒహాయో టు ఈరీ రూట్ కూడా ఇటే పోతుంది. డేటన్ హాస్పిటళ్లు దగ్గర. కొండలు ఉండవు, చుట్టూ ఎక్కువగా పొలాలే. ఇంకా వర్జీనియా క్రీపర్ ట్రైల్ గురించి ఎవరైనా చెప్తే, 2024 సెప్టెంబర్‌లో హెలీన్ తుఫాను డమాస్కస్ నుంచి పైకి ఉన్న సగం ట్రైల్‌ని, బ్రిడ్జిలతో సహా ఊడ్చేసింది, దాని పరిస్థితి కనుక్కోకుండా అక్కడ ఇల్లు చూడొద్దు.

న్యూజెర్సీ_రైడర్:

జీనియా కూడా లిస్ట్‌లో రాసుకున్నా బ్రదర్. ఇప్పటికి మేం అనుకున్నది ఇది. న్యూజెర్సీ ఇల్లు ఇప్పుడే అమ్మట్లేదు. జనవరి నుంచి మార్చి దాకా కంబర్లాండ్‌లో అద్దెకి ఉంటాం, మా ఆవిడ అక్కడ కార్డియాలజిస్ట్ అపాయింట్‌మెంట్ ముందే తీసుకుంటుంది, కొత్త పేషెంట్‌ని ఎన్ని వారాలకి చూస్తారో దాంతోనే తెలిసిపోతుంది కదా. మధ్యలో ఒక వారం కానెల్స్‌విల్. 401కె కదపను మాస్టారు గారూ. కంబర్లాండ్‌లో ట్రైల్‌కి నడిచి వెళ్లేంత దూరంలో, వరద జోన్ కాకుండా, మెట్లు తక్కువ ఉన్న ఇల్లు ఏ వీధుల్లో చూడాలో తెలిసినవాళ్లు ఉంటే చెప్పండి.