కరీంనగర్ గ్రానైట్‌లోని నల్ల ముక్కలు: బయటి నుంచి వచ్చినవా, కరగకుండా మిగిలినవా?

బండలబాట: కరీంనగర్ దగ్గర ఒక క్వారీ గోడలో గోధుమ రంగు గ్రానైట్ మధ్య జానెడు, మూరెడు నల్లటి చారల రాతి ముక్కలున్నాయి. మా ప్రాక్టికల్ రికార్డులో "జీనోలిత్‌లు, గ్రానైట్ తర్వాత చొచ్చుకొచ్చింది" అని రాయించి వదిలేశారు, అంటే శిలాద్రవంలో చిక్కుకున్న వేరే రాతి ముక్కలని. పాత నీస్ రాయే (వేడికి, ఒత్తిడికి మారిన చారల రాయి) ఉన్నచోట కరిగి గ్రానైట్ అయ్యుండొచ్చు కదా?

ఓరుగల్లుగుట్ట: డౌటెందుకు తమ్మీ? 1785లో స్కాట్లాండ్‌లోని గ్లెన్ టిల్ట్‌లో భూగర్భ శాస్త్రవేత్త జేమ్స్ హటన్ చూసిందీ ఇదే, ఎర్ర గ్రానైట్ తీగలు పాత రూపాంతర శిలను కోసుకుంటూ పోవడం. వయసులో కోసింది చిన్నది, తెగింది పెద్దది.

నల్లరాయి: హటన్ చూసినవి తీగలన్నా, ఇక్కడ తమ్ముడు అడుగుతున్నది ముక్కల గురించి. ముక్క పాతదే, ఒప్పుకుంటా. అది ఎక్కడిదన్నదే తగాదా. తమ్మీ, కంపాస్ పెట్టి ఒక్కో ముక్కలో చారలు ఎటు పోతున్నాయో రాసుకో. ఒకటి తూర్పుకు, ఇంకోటి ఉత్తరానికి తిరిగుంటే శిలాద్రవంలో పడి తిరిగినట్టే. అన్నీ పక్కనున్న నీస్ దిశలోనే ఉంటే పెద్దగా కదల్లేదన్నమాట, నీ అనుమానానికి బలం. పూర్తి రుజువు మాత్రం కాదు, గ్రానైట్ చారల వెంటే సన్నగా దూరినా దిశ చెడదు. అందుకే అంచులు కూడా చూడు. తెల్లటి తీగ పక్కనే బయోటైట్ (నల్ల అభ్రకం) పేరుకుని నల్లటి గీతలా ఉందంటే, కరిగింది తీగలోకి పోయి కరగనిది అక్కడే మిగిలిందనుకోవచ్చు.
ఇంకొకటి, క్వారీ బయట పారేసిన బ్లాకుల మీద కొలవకు. మచ్చలున్నాయని కొనేవాళ్లు వద్దన్నవి అవి, క్రేన్ ఎటు తిప్పి పడేసిందో ఎవరికి తెలుసు!

బండలబాట: సరే అన్నా. కానీ చొచ్చుకొస్తే పక్క రాయి కాలి హార్న్‌ఫెల్స్ (వేడికి మారి గట్టిపడ్డ రాయి) అవ్వాలి కదా? ఎక్కడా లేదే.

నల్లరాయి: అది చల్లటి మట్టిరాయిలోకి దూరినప్పటి లెక్క. కరీంనగర్ పట్టీలో గ్రాన్యులైట్లు, చార్నకైట్లు అనే రాళ్లు ఉన్నాయి. భూమి లోతులో 700 డిగ్రీలు దాటిన వేడి చూసినవి, గ్రానైట్ శిలాద్రవమూ దాదాపు అంతే వేడి. ఇక కొత్తగా కాలేదేముంది? హార్న్‌ఫెల్స్ లేదని చొచ్చుకు రాలేదనలేం.

ఓరుగల్లుగుట్ట: అంటే ఒకే గోడలో రెండూ జరిగాయంటావా?

నల్లరాయి: జరగొచ్చన్నా. కింద కరిగింది కొంచెం పైకి జరిగి, దారిలో ముక్కలు విరుచుకుని ఉండొచ్చు. రికార్డులో ఒక్క మాటలో తేల్చడమే నాకు నచ్చనిది.